మనిషితో కుర్చీ

ముందుగా ఒక మనవి. ఇందులో అక్షరదోషాలుంటే పెద్ద మనసుతో సర్దుకుపోండి. నేను అక్షరాలు దిద్దుకున్నది జుట్టు నెరిశాక, మా ఆయన పోయాక. గుణింతాలు వచ్చాయి గానీ ఒత్తులు కొన్ని ఇంకా దారిలో ఉన్నాయి. రాయడం కూడా నిదానమే. నేనొక వాక్యం పూర్తిచేసేలోపు ప్రభుత్వం ఒక నిబంధన మార్చేస్తోంది. అందుచేత ఇందులో చెప్పిన నిబంధనలు మీరు చదివే నాటికి మరింత మెరుగుపడి ఉంటే ఆ తప్పు నాది కాదు.

ఇక విషయం.

ఏ దేశానికైనా భవిష్యత్తు యువత చేతుల్లోనే ఉంటుంది. కాబట్టి ఆ చేతులు ఎప్పుడు చప్పట్లు కొట్టాలో ముందే నిర్ణయించి ఉంచడం బాధ్యత గల ఏ ప్రభుత్వానికైనా కనీస ధర్మం. ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించి, యువాభిప్రాయ శాఖ అని ఒక శాఖను నెలకొల్పిన ఘనత ఈ పట్టణానిది. యువత ఏమనుకుంటోందో యువతకు తెలియజేయడం ఈ శాఖ పని. (ఏమనుకోవాలో ముందురోజు సాయంత్రానికల్లా ఖరారవుతుంది.)

శాఖకు ఉపసంచాలకులు ఉన్నారు. సంచాలకులు లేరు. ఆ పదవి యువకులకే ఇవ్వాలని నిబంధన ఉండటం వల్ల, పాతికేళ్ల అనుభవం గల యువకుడి కోసం వెతుకుతున్నారు.

ఉపసంచాలకులవారు మర్యాదస్తులు. ఎవరినీ కసురుకోరు. యువత అంటే ఆయనకు ప్రాణం. సభలంటే అంతకంటే ఇష్టం. అయితే మొదట్లో ఆయన సభలకు ఒకటే లోటుండేది. కుర్చీలు ఉండేవి, యువత ఉండేది కాదు. ఫొటోలో ఖాళీ కుర్చీలు పళ్లూడిన నోరులా కనబడుతున్నాయని పైనుంచి మాట వచ్చింది.

ఆ కుర్చీలు అద్దెకిచ్చేది పట్టణంలో ఒకే దుకాణం. దాని యజమానిని చిన్నా పెద్దా అందరూ కుర్చీల మావయ్య అనే పిలుస్తారు. ఉపసంచాలకులవారు ఆయన్ని పిలిపించి, "ఏమయ్యా, నీ కుర్చీలు ఇలా ఖాళీగా ఉంటున్నాయేం?" అన్నారు, లోపం కుర్చీలదే అన్నట్టు. మావయ్య నొచ్చుకోలేదు. వ్యాపారస్తుడు నొచ్చుకుంటే దుకాణం సాగదు.

"మనుషులతో కలిపి ఇమ్మంటారా, సార్?" అన్నాడు.

అలా పుట్టింది మనిషితో కుర్చీ. ఉత్త కుర్చీకి ఒక అద్దె. మనిషితో కుర్చీకి మరొకటి. తల ఊపే మనిషితో కుర్చీ అన్నిటికంటే ఖరీదు. కుర్చీ విరిగితే శాఖ పరిహారం చెల్లించాలని ఒప్పందంలో ఉంది. మనిషి గురించి ఏమీ రాసుకోలేదు.

మనుషులకు కొదవ లేదు. చదువులు పూర్తిచేసి పనికోసం ఎదురుచూస్తున్న పిల్లలు వీధికి పదిమంది. ఎలాగూ ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంటున్నారు కదా, ఇక్కడ కూర్చుంటే కూలి వస్తుంది. మావయ్య గోదాములో, మడతపెట్టిన కుర్చీల మధ్య వాళ్లకు శిక్షణ ఇచ్చేవాడు.

"తల ఊపమన్నానని గంగిరెద్దులా ఊపేస్తే ఎలారా? ఊపులో ఆలోచన కనబడాలి. మొదట నెమ్మదిగా, 'అవునా' అన్నట్టు. తర్వాత, 'అవును కదా' అన్నట్టు. చివరికి, 'నేనూ అదే అనుకున్నా' అన్నట్టు. ఆ మూడోది రావాలంటే మెడ ఒక్కటే చాలదు, కనుబొమలు కూడా సాయం రావాలి."

సభలో ఆయన పక్క స్తంభం దగ్గర నిలబడేవాడు. కళ్లజోడు సర్దుకుంటే తలలు ఊపాలి. చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటే చప్పట్లు కొట్టాలి. అందరికీ ఒకే రంగు చొక్కాలు. ఛాతీ మీద 'రేపటి పౌరులం' అని రాసి ఉండేది. (వాళ్లలో చాలామంది ఇప్పటికే రెండుసార్లు ఓటేశారు. కానీ చొక్కాలు ముందే అచ్చయిపోయాయి.)

ఈ ముందు వరుసలో అందరికంటే పేరున్న తల గడుగ్గాయిది. గడుగ్గాయి అంటే మావయ్య అక్క కూతురు. చిన్నప్పుడు వాళ్లమ్మ విసుగెత్తి అన్న మాట పెద్దయ్యాక కూడా ఊడిరాలేదు. ఆమె ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో వెల్డింగ్ చదివింది. చదివింది అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఆ కేంద్రం వెనక రేకుల షెడ్డులో మెరిసిపోయే కొత్త వెల్డింగ్ యంత్రాలున్నాయి. వాటికింకా ప్రారంభోత్సవం జరగలేదు. ప్రారంభోత్సవం కాని యంత్రాన్ని ముట్టుకోవడం ప్రారంభించేవారిని అవమానించడమే అవుతుంది కాబట్టి షెడ్డుకు తాళం వేశారు. రిబ్బను కత్తిరించవలసిన పెద్దమనిషికి తీరిక దొరకలేదు. తీరిక దొరికే సమయానికి ఆయన పదవి దొరకలేదు. అందుచేత మాస్టారు వెల్డింగ్ అంతా నల్లబల్ల మీదే చెప్పారు. నిప్పురవ్వల్ని సుద్దముక్కతో చుక్కలు చుక్కలుగా పెట్టి, "కళ్లు జాగ్రత్త" అని హెచ్చరించేవారు. గడుగ్గాయి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. పని అడగడానికి వెళ్లిన ప్రతిచోటా, "ఇది అతికించు చూద్దాం" అని ఇనపముక్క చేతికిచ్చారు. ఆమె సుద్దముక్క అడగలేకపోయింది.

ఆ షెడ్డు తాళం ఊడబెరికించాలన్నదే ఆమె పట్టుదల. దానికి దారి కూడా ఒకటుంది. పట్టణ పురపాలక సంఘంలో ఒక యువజన స్థానం ఉంది. ముప్ఫై ఏళ్లలోపు వాళ్లంతా ఓటేసి తమలో ఒకరిని అక్కడికి పంపుతారు. ఆ ఒక్కరికీ మాట్లాడే హక్కు, ఓటు, మంచినీళ్ల గ్లాసు ఉంటాయి. కిందటిసారి వెళ్లిన సైకిల్ షాపు కుర్రవాడు మూడు సమావేశాల్లోనూ ఒకే ప్రశ్న అడిగాడు, వీధి దీపాలు ఎందుకు వెలగవని. పోరు పడలేక వెలిగించారు. దీపాలు వెలిగేసరికి రోడ్డు మీద గుంటలు కనబడ్డాయి. గుంటలు కనబడేసరికి అవి పూడ్చినట్టు రాసిన బిల్లులు గుర్తుకొచ్చాయి. ఒక్క కుర్చీ వల్ల ఇంత వెలుతురు రావడం పురపాలక సంఘానికి మింగుడుపడలేదు.

ఈసారి ఆ స్థానానికి గడుగ్గాయి నిలబడదామనుకుంది. సరిగ్గా అప్పుడే శాఖవారు 'యువజన స్థాన విస్తరణ తీర్మానం' తెచ్చారు. దాని సారాంశం ఇది. స్థానం ఒక్కటే ఉన్నందువల్ల ఒక్క యువకుడికే న్యాయం జరుగుతోంది. మిగిలిన వేలమంది నిలబడే ఉండిపోతున్నారు. ఇది ఘోరమైన అసమానత. కావున ఆ ఒక్క స్థానాన్నీ తొలగించి యువతనంతటినీ సమానం చేయడమైనది. యువత సమ్మతి తీసుకోవడానికి సభ పెట్టారు. సమ్మతి కోసం కుర్చీల మావయ్యకు కబురందింది.

సభకు ముందురోజు గోదాములో గడుగ్గాయి మావయ్యను పట్టుకుంది.

"మావయ్యా, రేపటి సభ దేని గురించో తెలుసా నీకు?"

"తల ఊపడానికి విషయంతో పనేమిటే?"

"యువజన స్థానం పీకేస్తున్నారు."

"పీకడం కాదు, విస్తరించడం. నాకు పంపిన కాగితంలో అలాగే ఉంది."

"ఈసారి నేను నిలబడదామనుకున్నాను."

మావయ్య తుడుస్తున్న కుర్చీని వదిలేశాడు. "నిలబడతావా? మన ఇంటావంటా అందరం కూర్చోబెట్టే వ్యాపారం చేసుకు బతుకుతుంటే?"

"షెడ్డు తాళం తీయించాలి మావయ్యా. నీ కుర్చీలు విరిగితే ఎక్కడికి పంపిస్తున్నావు? పక్క ఊరికి. ఇంట్లో వెల్డింగ్ చదివిన మేనకోడల్ని పెట్టుకుని!"

"చదివావు సరే. ఒక్క కాలైనా అతికించావా?"

"అదే కదా నేను మొత్తుకుంటున్నది!"

ఇరుకున పడ్డప్పుడు మావయ్య కుర్చీలు లెక్కపెడతాడు. కాసేపు లెక్కపెట్టాడు. "చూడు తల్లీ, ఈ శాఖవాళ్లతో పెట్టుకుంటే రేపు గోదాము అద్దెకి కూడా గతుండదు. నువ్వు రేపు రాకపోయినా ఫరవాలేదు. ఒంట్లో బాగాలేదని చెబుతాను."

"వస్తాను," అంది గడుగ్గాయి. ఆ మాట అన్న తీరు చూసి మావయ్య మళ్లీ మొదటి కుర్చీ దగ్గర్నుంచి లెక్కపెట్టాడు.

మర్నాడు కుర్చీలతోపాటు మనుషుల్ని కూడా ఎక్కించుకుని ట్రాలీ ఆటో బయల్దేరింది. మావయ్య ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక కుర్చీల దొంతర మీద గడుగ్గాయి లేచి నిలబడి, తాడు పట్టుకుని, జన్మలో మొదటిసారి ఉపన్యాసం ఇచ్చింది.

"వినండర్రా. ఇవాళ వాళ్లడిగేది మన స్థానం మనమే తీసేసుకోమని. అది పోతే ఇక మన మాట చెప్పేవాడు అక్కడ ఒక్కడూ ఉండడు. షెడ్డు తాళం అలాగే తుప్పుపడుతుంది. మీలో నర్సింగ్ చదివినవాళ్లకి ఆస్పత్రి గేటు తెరుచుకోదు. నేనడిగేది ఒక్కటే. ఈ ఒక్కరోజు తల నిలువుగా కాదు, అడ్డంగా ఊపండి. ఊపుతారా?"

ఆటోలో ఉన్న తలలన్నీ ఊగాయి. మొదట నెమ్మదిగా, 'అవునా' అన్నట్టు. తర్వాత, 'అవును కదా' అన్నట్టు. చివరికి, కనుబొమలు కూడా సాయం వచ్చి, 'నేనూ అదే అనుకున్నా' అన్నట్టు.

గడుగ్గాయి కళ్లు చెమర్చాయి. ఈ పట్టణంలో ఎవరు నమ్మినా నమ్మవచ్చు గానీ, ఆ ఊపుల్ని ఆమె నమ్మకూడదు. కనుబొమల సంగతి కొత్తవాళ్లకు దగ్గరుండి నేర్పింది ఆమే. కానీ ఆశ అనేది అలాంటిదే. సొంత దుకాణంలో సరుకు సొంతవాళ్లకే అంటగడుతుంది.

సభ మొదలైంది. ఉపసంచాలకులవారు మాట్లాడారు. యువత నిప్పుకణికలన్నారు. (ప్రథమ శ్రేణి వెల్డరుకు సుద్దచుక్కలు గుర్తొచ్చాయి.) కార్యక్రమపత్రం ప్రకారం ఆ తర్వాత టీ. టీ తర్వాత అభ్యంతరం. అభిప్రాయ సేకరణ అన్నాక ఒక అభ్యంతరం ఉండి తీరాలని, లేకపోతే ఆ సేకరణ చెల్లదని నిబంధన. కాబట్టి మావయ్య ప్రతి సభకూ ఒక అభ్యంతరాన్ని కూడా పంపుతాడు. ఆ పని ఉగ్రానిది. ఉగ్రం అంటే పార్సిళ్లు ఇంటింటికీ అందించే కుర్రవాడు. మూడో అంతస్తు వాళ్లకు కిందనుంచి కేకేసి కేకేసి గొంతు పెద్దదైంది. మనిషి మాత్రం చీమను తొక్కినా క్షమాపణ అడిగే రకం. ఏ సభలోనైనా లేచి, "మా గోడు వినేదెవరు?" అని ఉరుముతాడు. ఉపసంచాలకులవారు, "నేనున్నాను కదా" అంటారు. కూర్చుంటాడు.

ఇవాళ టీ రాకముందే గడుగ్గాయి లేచింది.

"ఈ తీర్మానం మాకు వద్దు సార్. ఒక్క కుర్చీ ఉంది మాకు. అద్దెది కాదు, మేం ఓటేసి తెచ్చుకున్నది. దాన్ని తీసేసి మమ్మల్ని సమానం చేస్తామంటున్నారు. బువ్వ గిన్నె లాగేసుకుని అందరికీ సమానంగా ఆకలి పంచినట్టుంది. మీకు మా మాట అక్కర్లేకపోతే అక్కర్లేదని చెప్పండి. అది మాచేతే చెప్పించకండి. షెడ్డులో యంత్రాలు తుప్పుపట్టిపోతున్నాయి. నేను వెల్డర్ని సార్. ఇంతవరకూ నిప్పు చూడలేదు."

ఉపసంచాలకులవారు కార్యక్రమపత్రం చూసుకుని, పక్కనున్న గుమాస్తా వైపు వంగి, "అభ్యంతరం ముందుకు జరిగినట్టుంది. ఈసారి అమ్మాయిని పెట్టారా? బాగుంది, చాలా సహజంగా ఉంది," అన్నారు.

ఉగ్రం ఆమె చొక్కా అంచు లాగాడు. "అక్కా, అది నా పని కదా. నేనేం తప్పు చేశాను?"

స్తంభం దగ్గర మావయ్యకు ముచ్చెమటలు పోశాయి. పాపం, నిజం చెమటే. జేబులోంచి చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

హాలు దద్దరిల్లిపోయేలా చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లు తనకేననుకుని గడుగ్గాయి వెనక్కి తిరిగి చూసింది. అందరూ లేచి కొడుతున్నారు. ఒకమ్మాయి ఈల కూడా వేసింది. ఉపసంచాలకులవారు కూడా మర్యాదకు కొట్టి, "అభ్యంతరాన్ని ఇంత హర్షధ్వానాల మధ్య స్వీకరించడం మా శాఖ చరిత్రలోనే మొదటిసారి," అన్నారు. తర్వాత కార్యక్రమపత్రం తిరగేసి, "ఇప్పుడు తీర్మానం. యువతకు సమ్మతమేనా?" అన్నారు.

గడుగ్గాయి మావయ్య వైపు చూసింది. మావయ్య కళ్లజోడు జారి ముక్కు కొసన నిలిచింది. చెయ్యి లేవబోయింది. ఆయన మేనకోడలి మొహం చూశాడు. గోదాము అద్దె, ఒప్పందం, ముసలి తల్లి మందులు అన్నీ ఆ కళ్లజోడులోంచి కనబడే ఉంటాయి. ఆయన రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుని పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. కళ్లజోడు జారి కింద పడింది. తీసుకోలేదు.

సైగ లేదు. అయినా ముందు వరుస మొత్తం తలలు ఊపింది. నిలువుగా. ఎంత చక్కగా ఊపారంటే, సైగతో అవసరం లేని స్థాయికి యువత ఎదిగిందని ఉపసంచాలకులవారు తమ ముగింపు మాటల్లో ప్రత్యేకంగా ప్రస్తావించారు.

తీర్మానం నెగ్గింది. టీ వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో చాలాసేపు కుర్చీలే మాట్లాడుకున్నాయి. చివరికి గడుగ్గాయే అడిగింది.

"వచ్చేటప్పుడు ఒప్పుకున్నారుగా?"

"ఒప్పుకున్నాం కదక్కా," అంది నర్సింగ్ చదివినమ్మాయి.

"మరి?"

"నువ్వు అంతలా అడుగుతుంటే కాదనలేక ఊపాం. ఆయన అడిగినా కాదనలేక ఊపాం. మా మీద కోపం పెట్టుకోకు."

ముందునుంచి మావయ్య తల వెనక్కి తిప్పి, "నేను సైగ చెయ్యలేదు కదర్రా!" అన్నాడు. అది సంజాయిషీయో గర్వమో ఆయనకే తెలియదు.

"చేశారనుకున్నాం మావయ్యా. ఎప్పుడూ అప్పుడే చేస్తారుగా," అన్నాడు ఇంకొకడు.

ఉగ్రం ఒక్కడే మూలన ఏదో లోలోపల నెమరేసుకుంటున్నట్టు కూర్చున్నాడు. దిగేటప్పుడు గడుగ్గాయి దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఒక మాట. నువ్వు మాట్లాడింది... కూలికి కాదు కదా?"

"కాదు."

"మరి ఎలా మొదలెట్టాలక్కా, నిజంగా కోపం వచ్చినప్పుడు? నాకెప్పుడూ మొదటి ముక్క మావయ్యే ఇస్తాడు."

గడుగ్గాయికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ముందు కూర్చోవడం మానెయ్. తర్వాత అదే వస్తుంది," అంది.

ఆ వారమంతా ఆమె ఇంటింటికీ తిరిగింది. ఈసారి ఎవరినీ తల ఊపమనలేదు. "వస్తానని నోటితో చెప్పు," అంది. ఇది కష్టమైంది. కొందరికి నోరు పెగల్లేదు. కొందరు చెప్పారు గానీ తమ గొంతులో తెలియని వాళ్లెవరో మాట్లాడినట్టు ఉలిక్కిపడ్డారు. నర్సింగ్ చదివినమ్మాయి, "మా నాన్న తిడతాడు," అంది. తలుపు వెయ్యబోయి మళ్లీ తీసి, "తిట్టనీ, వస్తాను," అంది. శాఖవారు మావయ్యకు కబురు పెట్టారు, వచ్చే సభకు అదే అభ్యంతరాన్ని, అదే అమ్మాయిని పంపమని, స్థానం ఎలాగూ పోయింది కనుక ఇక దానివల్ల ప్రమాదమేమీ లేదని. "కుర్చీలున్నాయి సార్. మనుషులు అద్దెకు లేరు," అని మావయ్య చెప్పి పంపాడు. (దుకాణం పెట్టాక ఆయన లేదనే మాట అనడం అదే మొదలు.)

పురపాలక సంఘం సమావేశం రోజున వాళ్లు నడిచి వచ్చారు. ఆటో లేదు. ఒకే రంగు చొక్కాలు లేవు. ఒకడు ఇస్త్రీ చేసుకొచ్చాడు, ఒకడు పని మధ్యలోంచి వచ్చాడు. ఉగ్రం పార్సిళ్ల సంచీతోనే వచ్చాడు. కార్యాలయం గేటు దగ్గర కాపలా మనిషి వాళ్లను చూసి కంగారుపడి లోపలికి పరుగెత్తాడు. సమావేశానికి వచ్చి ఉన్న ఉపసంచాలకులవారే స్వయంగా బయటికొచ్చారు. ఒక్కొక్కరినీ గుర్తుపట్టి సంతోషించారు. ముందు వరుస మొహాలే అన్నీ.

"మీరా! ఇవాళ కార్యక్రమం ఏమీ లేదే. మీ మావయ్య చెప్పలేదా?"

"మావయ్య పంపలేదు సార్. మేమే వచ్చాం," అంది గడుగ్గాయి.

"మీరే అంటే?"

"మేమే సార్. యువజన స్థానం మాకు కావాలి. ఆ రోజు ఊపింది మా తలలే, తప్పు మాదే. ఇవాళ నోటితో చెబుతున్నాం. ఆ తీర్మానం వద్దు అంటున్నాం."

"వద్దు!" అన్నాడు ఉగ్రం. మూడో అంతస్తు కిటికీలు తెరుచుకున్నాయి. తర్వాత ఒక్కొక్కరే అన్నారు. నర్సింగ్ చదివినమ్మాయి అన్నప్పుడు చాలా చిన్నగా వినబడింది గానీ, అంది.

ఉపసంచాలకులవారికి కోపం రాలేదు. ఇబ్బంది కలిగింది. "మిమ్మల్ని పిలిచిందెవరు?" అని అడిగారు.

"ఎవరూ పిలవలేదు."

ఆయన ఒక నిమిషం ఉండమని లోపలికి వెళ్లారు. లోపల పెద్దలతో మాట్లాడారు, నిబంధనలు తిరగేశారు, ఎవరికో ఫోను చేశారు. ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగొచ్చారు. మనిషి మంచివాడు కాబట్టి, వాళ్లను ఎండలో నిలబెట్టినందుకు ముందుగా విచారం వెలిబుచ్చారు. తర్వాత ఎంతో మర్యాదగా ఇలా చెప్పారు:

"పిలవకుండా వచ్చారు కాబట్టి మిమ్మల్ని యువత కింద తీసుకునే వీలు లేదమ్మా. జనం కింద తీసుకుంటాం. జనానికి చోటు గేటు అవతల."

ఇట్లు,
అందరూ పలకవ్వ అని పిలిచే నేను.
వయసు అరవై ఎనిమిది.
ప్రస్తుతం కుర్చీల గోదాము పైన గదిలో అద్దెకుంటున్నాను.